గాలికీ ఎండకూ గిరాకీ తెచ్చిన రాష్ట్రాలు

వాతావరణ మార్పు అనగానే పారిస్‌లోనో గ్లాస్గోలోనో దేశాధినేతలు వరసగా నిలబడి దిగిన ఫొటోలు కళ్లముందు మెదులుతాయి. అసలు పనిలో చాలా భాగం మాత్రం రాష్ట్రాల రాజధానుల్లో జరిగింది. అదీ ఎవరూ పెద్దగా చదవని చట్టాల్లో ఇరికించిన చిన్న చిన్న షరతుల వల్ల. కరెంటు ఎవరు కొనాలి? తీగ ఎవరు లాగాలి? ఖర్చు ఎవరు భరించాలి? మాట తప్పితే ఏం జరగాలి? వీటికి జవాబు ముందే రాసిపెట్టుకున్న చోట గాలిమర తిరిగింది. రాసుకోని చోట లక్ష్యం ప్రకటనలోనే మిగిలింది. అమెరికా మొక్కజొన్న చేల నుంచి అనంతపురం పొలిమేర దాకా అలాంటి షరతుల విశేషాలు ఇవి.

మొక్కజొన్న చేలలో మొదలైంది

‘ఇంత కరెంటు గాలి నుంచో ఎండ నుంచో కొని తీరాల్సిందే’ అని అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం ఏది? చాలామంది కాలిఫోర్నియా అంటారు. కాదు, అయోవా. మొక్కజొన్నకూ పందుల పెంపకానికీ పేరుపడ్డ ఈ వ్యవసాయ రాష్ట్రం 1983లోనే తన పరిధిలోని రెండు ప్రైవేటు విద్యుత్ కంపెనీలకు కలిపి 105 మెగావాట్ల వాటా విధించింది. ఇవాళ్టి లెక్కల్లో అది ఒక సోలార్ పార్కులో ఓ మూలకు సరిపోతుంది. కానీ ఇప్పుడు అయోవాలో తయారయ్యే కరెంటులో సగానికి పైగా గాలిదే. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి.

మన దగ్గరా ఇదే సూత్రం ఉంది. 2003 విద్యుత్ చట్టంలోని 86(1)(ఇ) సెక్షన్ ప్రకారం, విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) తమ పరిధిలోని వాడకంలో ఎంత శాతం పునరుత్పాదక విద్యుత్తు కొనాలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించాలి. 2023 అక్టోబరులో కేంద్రం దేశమంతటికీ ఒక మెట్ల వరస ఇచ్చింది. 2024-25లో 29.91 శాతంతో మొదలై 2029-30కల్లా 43.33 శాతానికి చేరాలి.

చమురు గడ్డ మీద గాలిమరలు

అమెరికాలో పవన విద్యుత్తుకు నంబర్ వన్ రాష్ట్రం టెక్సస్. చమురుకు పుట్టిల్లు లాంటి ఆ రాష్ట్రంలో 1999లో పునరుత్పాదక విద్యుత్ వాటాను తప్పనిసరి చేస్తూ సంతకం పెట్టిన గవర్నర్ పేరు జార్జ్ డబ్ల్యూ బుష్. 2009 నాటికి కొత్తగా 2,000 మెగావాట్లు రావాలన్నది షరతు. గడువుకు కొన్నేళ్ల ముందే అది నెరవేరింది.

అక్కడో చిక్కు వచ్చిపడింది. గాలి వీచేది జనం పలచగా ఉండే పశ్చిమ టెక్సస్‌లో. కరెంటు కావాల్సింది డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లకు. తీగ లేదని కంపెనీలు మరలు పెట్టవు, మరలు లేవని ఎవరూ తీగ లాగరు. 2005లో శాసనసభ ఈ పీటముడిని ఒక్క నిర్ణయంతో విప్పింది: గాలి బాగా ఉన్న ప్రాంతాలను గుర్తించి, మరలు రాకముందే తీగలు లాగాలి, ఆ ఖర్చును వినియోగదారులందరి బిల్లుల్లో సర్దాలి. 2014 నాటికి సుమారు 5,800 కిలోమీటర్ల లైన్లు సిద్ధమయ్యాయి. ఖర్చు దాదాపు 700 కోట్ల డాలర్లు. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో తెలుగువాళ్ల ఇళ్లలో ఏసీలు తిప్పే కరెంటులో కొంత ఈ తీగల మీదుగా వచ్చినదే.

ఫ్రిజ్ మీద రాష్ట్ర ప్రభుత్వం కన్ను

అన్నిటికన్నా చవకైన కరెంటు వాడకుండా మిగిల్చినదే. ఈ మాటను చట్టంగా మార్చింది కాలిఫోర్నియా. 1970ల నడుమ ఫ్రిజ్‌లు ఎంత కరెంటు తాగవచ్చో హద్దు గీసి, అంతకు మించినవాటిని రాష్ట్రంలో అమ్మరాదంది. దీని వెనుక ఎన్రికో ఫెర్మీ శిష్యుడైన ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉన్నారు. 1973 చమురు సంక్షోభం తర్వాత ఆయన పరమాణు కణాల పరిశోధన వదిలి కరెంటు పొదుపు వైపు మళ్లారు. 1987లో దేశమంతటికీ అలాంటి ప్రమాణాలే వచ్చాయి. ఈనాటి అమెరికా ఫ్రిజ్ అప్పటిదానికన్నా పెద్దది, కానీ ఖర్చు చేసే కరెంటు అందులో పావు వంతే.

అదే రాష్ట్రం 1982లో ఇంకో కిటుకు పన్నింది. ఎన్ని యూనిట్లు అమ్మితే అంత లాభం అన్న లెక్క ఉన్నంతకాలం ఏ విద్యుత్ కంపెనీ పొదుపును ప్రోత్సహిస్తుంది? అందుకని అమ్మిన యూనిట్లకూ కంపెనీ రాబడికీ ఉన్న ముడి తెంచేసింది. దశాబ్దాలు గడిచినా కాలిఫోర్నియాలో తలసరి కరెంటు వాడకం పెద్దగా పెరగలేదు.

ఒక దేశం, కార్లకు రెండు నిబంధనల పుస్తకాలు

కార్ల పొగ మీద అమెరికాలో ఏ రాష్ట్రమూ సొంతంగా నిబంధనలు పెట్టుకోకూడదు, ఒక్క కాలిఫోర్నియా తప్ప. లాస్ ఏంజెలెస్ పొగమంచు బాధతో జాతీయ చట్టం కన్నా ముందే నిబంధనలు చేసుకుంది కనుక, కేంద్రం అనుమతితో మరింత కఠినంగా ఉండే వెసులుబాటు దానికి దక్కింది. 1977 సవరణ ఇంకో తలుపు తెరిచింది. మిగతా రాష్ట్రాలు కావాలంటే కాలిఫోర్నియా నిబంధనలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకోవచ్చు. ఈ అరువు తెచ్చుకునే ఏర్పాటు వల్ల ఒక రాష్ట్రం మాట కార్ల కంపెనీలకు దేశంలో పెద్ద భాగం మాట అయి కూర్చుంది.

ఇది శాశ్వతమేమీ కాదు. కొత్త కార్లన్నీ క్రమంగా విద్యుత్ వాహనాలే కావాలన్న కాలిఫోర్నియా నిబంధనకు ఇచ్చిన అనుమతిని అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి రద్దు చేసింది, 2025 జూన్‌లో అధ్యక్షుడు ట్రంప్ దానిపై సంతకం పెట్టారు. రాష్ట్రం కోర్టుకెక్కింది.

తీరం కోసుకుపోతోందని దావా

కార్బన్ డయాక్సైడ్‌ను కాలుష్యంగా పరిగణించేది లేదని అమెరికా కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ భీష్మించుకున్నప్పుడు, మసాచుసెట్స్ ముందు నిలిచి పన్నెండు రాష్ట్రాలు దావా వేశాయి. ‘మీకేం నష్టం జరిగిందని వచ్చారు?’ అన్న ప్రశ్నకు మసాచుసెట్స్ ఇచ్చిన జవాబు: సముద్రం పొంగి మా రాష్ట్ర భూమి పోతోంది. 2007 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో రాష్ట్రాల వైపు తీర్పునిచ్చింది. వాహనాల నుంచి వచ్చే ఈ వాయువులు కాలుష్యం కిందికే వస్తాయని తేల్చింది.

మూడుసార్లు పోలింగ్

వాషింగ్టన్ రాష్ట్రంలో కార్బన్ మీద రుసుము వెయ్యాలా అని ఓటర్లను 2016లో అడిగారు. వద్దన్నారు. 2018లో మళ్లీ అడిగారు. మళ్లీ వద్దన్నారు. 2021లో శాసనసభే కాలుష్య పరిమితి, పర్మిట్ల వేలం పద్ధతిని చట్టం చేసి 2023 నుంచి అమలు చేసింది. దాన్ని రద్దు చేయాలా అని 2024లో అడిగితే, అదే ఓటర్లు భారీ తేడాతో ‘ఉంచండి’ అన్నారు. అప్పటికి వేలం డబ్బుతో పనులు మొదలై కంటికి కనిపిస్తున్నాయి. వస్తుందో రాదో తెలియని లాభం కోసం పన్ను వేస్తామంటే కాదనే జనం, చేతికందిన లాభాన్ని మాత్రం అంత తేలిగ్గా వదులుకోరు.

న్యూజెర్సీ రాకపోకలు

అమెరికాలో విద్యుత్ కేంద్రాల కార్బన్‌కు తప్పనిసరి పరిమితి పెట్టి పర్మిట్లు వేలం వేసిన మొదటి ఏర్పాటు కేంద్రానిది కాదు. ఈశాన్య ప్రాంతపు పది రాష్ట్రాలు కలిసి 2009లో అమలులోకి తెచ్చాయి. ఎడిసన్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ న్యూజెర్సీ మొదట్లోనే చేరింది. గవర్నర్ మారాక 2011 చివర్లో వైదొలగింది. మరో గవర్నర్ వచ్చాక 2020లో తిరిగి చేరింది. వర్జీనియా 2021లో చేరి 2023 చివర్లో బయటికి నడిచింది. గవర్నర్ మారితే తెరిచిన తలుపు మూసుకోవచ్చు, మూసినది మళ్లీ తెరుచుకోవచ్చు.

ఓడల్లో వచ్చే కరెంటు

నూటికి నూరు శాతం పునరుత్పాదక విద్యుత్తుకు చట్టంతో గడువు పెట్టుకున్న మొదటి అమెరికా రాష్ట్రం హవాయి. 2015లో చేసిన ఆ చట్టం ప్రకారం గడువు 2045. పర్యావరణ ప్రేమ ఒక్కటే దానికి కారణం కాదు. సముద్రం నడుమ ఉన్న దీవులకు చమురు ఓడల్లో రావాలి. అందుకే అమెరికాలో అందరికన్నా ఖరీదైన కరెంటు వాళ్లదే. అంతకుముందే 2010 నుంచి కట్టే విడి ఇళ్లకు సోలార్ వాటర్ హీటర్ ఉండాలని నిబంధన పెట్టారు. ఆ రాష్ట్రంలోని చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2022 సెప్టెంబరులో మూతపడింది.

యూనిట్ 15 రూపాయల నుంచి 1.99కి

ఇక మన దేశానికి వస్తే, జాతీయ సోలార్ మిషన్ 2010 జనవరిలో మొదలైంది. గుజరాత్ సోలార్ విధానం దానికి ఏడాది ముందే, 2009లో వచ్చేసింది. అప్పట్లో అక్కడి విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించిన ధర చూస్తే ఇప్పుడు కళ్లు తిరుగుతాయి. మొదటి పన్నెండేళ్లు యూనిట్‌కు 15 రూపాయలు, ఆ తర్వాత పదమూడేళ్లు 5 రూపాయలు. ఇంత పోసి ఎవరైనా కొంటారా అని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఆ హామీని నమ్ముకునే పెట్టుబడులు వచ్చాయి, పాటణ్ జిల్లా చారణ్కాలో 2012లో సోలార్ పార్కు వెలిసింది.

2013లో ఆ ధర తగ్గించమని రాష్ట్ర విద్యుత్ సంస్థే కమిషన్‌ను ఆశ్రయించింది. రాసుకున్న ఒప్పందం రాసుకున్నదే అని కమిషన్ తిప్పి పంపింది. ప్రపంచమంతటా సోలార్ ప్యానెళ్ల ధర పడిపోవడం, మన దగ్గర వేలంపాటలు రావడంతో 2020 డిసెంబరులో అదే గుజరాత్‌లో యూనిట్ 1 రూపాయి 99 పైసలకు దిగింది. తొలి ఏళ్ల ఖరీదును గుజరాత్ బిల్లుదారులు మోశారు, చవక రోజుల ఫలం అందరికీ అందింది.

మే నెలలో దాచి, డిసెంబరులో తీసుకో

తమిళనాడులో గాలి ఏడాదంతా ఒకేలా వీచదు. నైరుతి రుతుపవనాలు కనుమల సందుల్లోంచి దూసుకొచ్చే మే నుంచి సెప్టెంబరు దాకే దాని జోరు. సొంత మరలు పెట్టుకున్న స్పిన్నింగ్ మిల్లులకు మాత్రం కరెంటు పన్నెండు నెలలూ కావాలి. అందుకే ఆ రాష్ట్రం ‘బ్యాంకింగ్’ పెట్టింది. గాలి నెలల్లో గ్రిడ్డుకు ఇచ్చిన యూనిట్లు మిల్లు ఖాతాలో జమ అవుతాయి. కొంత కోత పోను మిగతావి తర్వాతి నెలల్లో వాడుకోవచ్చు. అక్కడి ముప్పందల్ ఊరి చుట్టూ గాలిమరల అడవి మొలవడానికి ఈ పద్దు పుస్తకం పెద్ద కారణం. గాలి నెలల్లో అక్కర్లేనప్పుడు తీసుకుని, కొరత నెలల్లో తిరిగి ఇవ్వాలా అని విద్యుత్ బోర్డు గొణగడం కూడా అంతే పాతది.

కరువు సీమలో భూమికి కౌలు

మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకున్న కర్ణాటక తాలూకా పావగడ. అక్కడ ఊళ్లలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి కరువు కాటేసిన ఆ నేల మీద ఇప్పుడు 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. సుమారు 13,000 ఎకరాలు. విశేషం ఏమిటంటే ప్రభుత్వం ఆ భూమిని సేకరించలేదు. కౌలుకు తీసుకుంది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచుతుంది. పట్టా రైతు పేరనే ఉంటుంది.

బోరు ఎండిపోయి పల్లీ చేను మాడిపోయే చోట అది గట్టి ఆదాయమే. అయితే ఆ కౌలు డబ్బు పట్టా ఉన్నవాడికే అందుతుంది. ఆ చేలల్లో కూలికి వెళ్లినవాళ్లకూ, గొర్రెలు మేపుకున్నవాళ్లకూ ఒప్పందంలో చోటు లేదు. ఎండను పండించే ఏ రాష్ట్రమైనా తర్వాతి ఒప్పందంలో పూరించాల్సిన ఖాళీ అది.

ఒప్పందం కుదిరాక బేరమాడితే

2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ సంప్రదింపుల కమిటీ వేసింది. డిస్కంల నష్టాలు నిజమే. వేలంలో సోలార్ ధర రెండున్నర రూపాయల దరిదాపుల్లో దొరుకుతుంటే, పాత ఒప్పందాల ప్రకారం అంతకు ఎంతో ఎక్కువ కట్టడం భారమనిపించడమూ సహజమే. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. కేసు తేలేదాకా తక్కువ రేటుతో చెల్లింపులు సాగాయి, బకాయిలు పేరుకున్నాయి. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలో ఉన్న రేటే చెల్లించాలనీ, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలనీ ఆదేశించింది.

దాదాపు మూడేళ్ల ఈ తగవులో దేశమంతటా బ్యాంకుల చెవిన పడ్డది ఒకటే: ప్రభుత్వం మారితే రేటూ మారవచ్చు. అలాంటి భయం పుట్టాక, తర్వాతి ప్రాజెక్టుకు వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ చివరికి మన బిల్లులో తేలుతుంది. గుజరాత్ కథనూ ఈ కథనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

హుద్‌హుద్ తర్వాత వెలిగిన దీపాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వీధి దీపాలను నేలకూల్చింది. పాత బల్బులే మళ్లీ పెట్టకుండా, కొద్ది నెలల్లోనే నగరమంతా దాదాపు 90 వేల ఎల్‌ఈడీ దీపాలు బిగించారు. నగరపాలక సంస్థ ముందుగా పెద్ద మొత్తం పెట్టాల్సిన పనిలేకపోయింది. కేంద్ర ప్రభుత్వ రంగ ఇంధన సామర్థ్య సంస్థ పెట్టుబడి పెట్టింది. తగ్గిన కరెంటు బిల్లు నుంచి ఏటా కొంత దానికి తిరిగి కట్టేలా ఒప్పందం. తర్వాత దేశంలో ఎన్నో పట్టణాలు వీధి దీపాలను ఈ దారిలోనే మార్చుకున్నాయి.

డాబాకు తెల్ల రంగు, అదీ నిబంధనే

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ‘కూల్ రూఫ్’ విధానం ప్రకటించింది. రాష్ట్ర స్థాయిలో దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత, పెంకులు, షీట్లు కొత్త ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి. 600 చదరపు గజాలకు తగ్గని స్థలంలో కట్టే ఇళ్లకూ అంతే. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబడాలన్నది లక్ష్యం. ఇంట్లో వేడి తగ్గితే ఏసీ తక్కువ తిరుగుతుంది, మే నెల మధ్యాహ్నపు కరెంటు గిరాకీ కాస్త దిగుతుంది.

యూరియా బస్తా లోంచి వాతావరణంలోకి

వాతావరణ కాలుష్యం పొగగొట్టాల నుంచే రాదు. పొలంలో చల్లిన నత్రజని ఎరువులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఎరువు తయారీకి మండే గ్యాస్ సంగతి వేరే. రైతు సాధికార సంస్థ ద్వారా ఆంధ్రప్రదేశ్ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ రెంటినీ దెబ్బ కొడుతుంది. దాన్ని ఊరూరా మోసింది డ్వాక్రా మహిళా సంఘాలు. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ మానవతా పురస్కారం మరో ఇద్దరితో కలిపి దక్కింది. అప్పటి ఎంపిక సంఘానికి అధ్యక్షురాలు జర్మనీ మాజీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్.

వెనక్కి ఎక్కే కృష్ణమ్మ

ఎండ కరెంటు రాత్రికి దొరకదు. దాచుకోవడానికి మన దగ్గర పాత ఉపాయం ఒకటి ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఒక్కోటి 150 మెగావాట్ల ఆరు యంత్రాలు రెండు వైపులా తిరిగేలా కట్టినవి. కరెంటు కావాలంటే నీరు కిందికి, కరెంటు మిగిలితే అదే నీరు పైకి. నాగార్జునసాగర్‌లో ఎనిమిది యంత్రాల్లో ఏడు ఇలాంటివే. వాటిని కట్టినప్పుడు ఆలోచన బొగ్గు కరెంటు రాత్రిపూట మిగిలిపోతుందని. ఇప్పుడు మిగిలేది పగటి ఎండ.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇలాంటి పంప్డ్ స్టోరేజీకి విడిగా విధానం తెచ్చింది. నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు 1,680 మెగావాట్లది. గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నీరు తీసుకుని, రెండు చెరువుల మధ్య ఆ నీటినే పైకీ కిందికీ తిప్పుతుంది. తర్వాత నష్టపోయేది ఆవిరైనంత నీరే.

మీ అభ్యంతరానికీ చోటుంది

ఇన్ని షరతులు ఎవరు రాస్తారో చూశాం. వాటిని ఎవరు ప్రశ్నించవచ్చో కూడా చట్టంలోనే ఉంది. విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కం తన ధరల ప్రతిపాదనను బహిరంగంగా ప్రచురించాలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే కమిషన్ 120 రోజుల్లోగా ఉత్తర్వు ఇవ్వాలి. లాయరు అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. పునరుత్పాదక వాటా ఎంత కొన్నారు, కొనకపోతే జరిమానా ఎవరిది, కొత్త తీగల ఖర్చు ఎవరి బిల్లులోకి వెళ్తోంది అని ఏ వినియోగదారుడైనా అడగవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ధరల సవరణకు ముందు ఈ బహిరంగ విచారణలు జరుగుతాయి. ప్రకటన పేపర్లో వచ్చినప్పుడు బిల్లు ఎంత పెరుగుతుందన్న పేరా దగ్గరే ఆగకుండా, అభ్యంతరాలకు చివరి తేదీ ఎప్పుడో కూడా చూసుకోండి.